దేవవ్వ చెయ్యి అందేకాడ

కరీంనగర్,
ఆదివారం.

అంబ్రీన్ అబ్బాకు సుమయ్య సలాం.

అల్లా దయవల్ల ఇక్కడ అందరం ఆరోగ్యంగా ఉన్నాం. మీ అమ్మీ, అంబ్రీన్, నేను, చివరికి మీరు వద్దంటే వద్దన్నా అంబ్రీన్ ఉంచుకున్న ఆ పిల్లి కూడా. మీరు వేళకు తింటున్నారని, ఎండలో తలకు గుడ్డ కట్టుకుంటున్నారని, అబద్ధమైనా సరే, నమ్ముతూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

మీ ఉత్తరం ముకర్రం భాయి ఊళ్లోకి వచ్చిన రోజే తెచ్చి ఇచ్చాడు. బుధవారం మళ్లీ దమ్మాం వెళ్తున్నాడు కాబట్టి జవాబు కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. "చేతిల ఫోన్ వెట్టుకొని గీ ఉత్తరాలేంది భాబీ?" అని నవ్వాడు. నవ్వనివ్వండి. మీ ఫోన్ వస్తే అమ్మీ స్పీకర్ పెట్టమంటుంది, అంబ్రీన్ లాక్కుంటుంది, పక్కింటివాళ్లు గోడమీది నుంచి మీకు సలాం చెప్తారు. అక్కడ మీ గదిలో ఆరుగురు. మనిద్దరం మాట్లాడుకోవాలంటే ఈ కాగితమే దిక్కని ఆయనకు ఎలా చెప్పను?

అమ్మీ మోకాలి గురించి అడిగారు. మీరు పంపిన నూనె రాసుకున్న రోజు నొప్పి తగ్గుతుంది. తగ్గింది కదా అని మిరపకాయలు ఎండబెట్టడానికి మేడ ఎక్కుతుంది. మర్నాడు మళ్లీ "యా అల్లా" అంటూ మంచం. ఫోన్‌లో మీరు కోప్పడితే వింటుందేమో, నా మాటైతే పిల్లి కూడా వినదు.

అంబ్రీన్‌కు ముందు పన్ను ఊడింది. దాన్ని అబ్బాకే పంపాలని ఒకటే పట్టు. పొట్లం కట్టి ఈ కవరులోనే పెట్టాను. పారేయకండి, ఎక్కడ దాచారో ఫోన్‌లో అడుగుతుంది.

దుకాణం నడుస్తోంది. పొద్దున మోటార్లు చుట్టేవాళ్లు వస్తారు, నేను వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని స్టార్టర్ బోర్డుల డ్రాయింగులు గీస్తున్నాను. బోరు మోటార్ల సీజన్ వస్తోంది కదా, పనికి లోటు లేదు. మీ కుర్చీ మాత్రం ఎవరినీ కూర్చోనివ్వను, అది నా బ్యాగు పెట్టుకునే చోటు.

ఇక మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు మిగిలాయి. బోథ్ పత్తి మిల్లు ప్యానెల్ డ్రాయింగు ఎప్పుడు పంపుతావు, ఇది మొదటిది. దేవవ్వ చెయ్యి మానిందా, ఎవరైనా అటువైపు నుంచి వస్తే కనుక్కో, ఇది రెండోది. ఈ రెండింటికీ జవాబు ఒకటేనని మీ ఉత్తరం చదివేటప్పుడు నాకూ తెలియదు. ఇక్కడ ఆగి ఎక్కడైనా కూర్చోండి. నిలబడి చదివేది కాదు ఇది.

అక్కడి మీ ఇంజనీరు సారు డ్రాయింగు చూసి నచ్చితే మిమ్మల్ని హెల్పర్ పని నుంచి తీసి ప్యానెల్ సెక్షన్‌లో వేస్తానన్నాడని రాశారు. "గా ఒక్క కాగితం వస్తే గీ మోత పని తప్పుతది సుమయ్యా. పెట్టిన కాడికెల్లి ఒక్క కంప్లెయింట్ రాలేదని గూడ సారుకు చెప్పిన" అని రాశారు. చదివి నేను ఎంత సంబరపడ్డానో! ఆ శుక్రవారమే నమాజు అయ్యాక దుకాణం వెనక గదిలో ఫ్యాను కింద కూర్చుని డ్రాయింగు తెరిచాను. పంపే ముందు జర శుభ్రం చేద్దామని, అక్షరాలు పెద్దవి చేద్దామని. నా మొగుడి పని సౌదీలో ఇంజనీర్లు చూస్తారంటే మరి ముస్తాబు చేయొద్దా?

డ్రాయింగు మీకు కంఠతా వచ్చు. అయినా ఒకసారి నాతోపాటు చూడండి. ఎడమవైపు మిల్లులోని ఎనిమిది ఎర్ర బటన్ల నుంచి వచ్చే ఎనిమిది సన్న తీగలు. అవన్నీ వెళ్లి మధ్యలో నిలువుగా ఉన్న లావు గీతలో కలుస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని బస్ అంటారని నేను చెప్పినా మీరు చివరిదాకా లావు గీతే అన్నారు. కుడివైపు ఆ లావు గీతలోంచి మళ్లీ ఎనిమిది సన్న తీగలు బయటికొచ్చి చిప్‌కు వెళ్తాయి. ఏ బటన్ నొక్కినా చిప్‌కు తెలుస్తుంది, చిప్ మోటార్లన్నీ ఆపేస్తుంది. చూడటానికి ఎంత అందంగా ఉందో! దువ్వి జడ వేసినట్టు గీశారు.

ఒక తీగ మీద మౌస్ నొక్కితే అది ఎక్కడెక్కడ కలిసిందో అంతా తెర మీద వెలుగుతుంది కదా, ఊరికే ముచ్చటకు నొక్కుతూ పోయాను. ఒకటో తీగ నొక్కితే ఈ చివరి నుంచి ఆ చివరన చిప్ కాలి దాకా వెలిగింది. రెండోది వెలిగింది. అలా ఏడు. ఎనిమిదోది నొక్కితే, లావు గీత దాకా ఉన్న ఆ చిన్న ముక్క ఒక్కటే వెలిగింది. అంతే. అవతల చీకటి.

మౌస్ పాడైందనుకున్నాను. మళ్లీ నొక్కాను. ఫైలు మూసి మళ్లీ తెరిచాను. దగ్గరికి లాగి చూస్తే అప్పుడు కనిపించింది. ఏడు తీగల మీద పేర్లున్నాయి, రెండు వైపులా. ఎనిమిదో దాని మీద ఏ వైపునా పేరు లేదు. లావు గీతను ముట్టుకుని ఊరుకుంది. మీకు తెలుసు, ఆ లావు గీత మన కళ్ల కోసమే, అది దేనినీ దేనితోనూ కలపదు. ఇవతలి తీగకూ అవతలి తీగకూ ఒకే పేరుంటేనే సాఫ్ట్‌వేర్ వాటిని కలుపుతుంది. పేరు లేకపోతే ముట్టుకున్నా, అంటుకున్నా, దాని లెక్కలో అవి రెండూ వేరే.

మీకు నేర్పింది నేనే, మీరు ఇది మర్చిపోయే మనిషి కాదు. మరి ఎలా జరిగిందా అని ఆలోచిస్తే మీ అబ్బాజాన్ గుర్తొచ్చారు. ఇళ్ల వైరింగు చేసేటప్పుడు ఆయన గోడ మీద సుద్దముక్కతో గీసేవారట కదా, పైపుకు ఒక లావు గీత, దాంట్లో కలిసే ఒక్కో తీగకు ఒక్కో సన్న గీత. గీత ముట్టుకుందంటే తీగ పైపులో పడ్డట్టే. పేర్లు ఎవరు రాస్తారు, ఆ చివర బ్యాటరీ, బల్బు పెట్టి ఏది ఏదో పట్టుకోవచ్చు. చిన్నప్పటి నుంచి ఆ సుద్దగీతలు చూసిన చెయ్యి మీది. మొదటి ఏడు తీగలు నేను పక్కన కూర్చుని ఉండగా గీశారు. ఎనిమిదోది తర్వాత, ఒక్కరే, ప్రయాణం తొందరలో కలిపారు. చెయ్యి తన అలవాటున తాను గీసేసింది.

అదే డ్రాయింగుతో చేయించిన బోర్డు ఒకటి అల్మారాలో మిగిలి ఉంది. తీసి మీటరు పెట్టాను. ఏడు చోట్ల కుయ్యిమంది. ఎనిమిదో చోట కిక్కురుమనలేదు. ఆ బోర్డు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ముందు ఇంజనీరు సారు గుర్తొచ్చాడు, తప్పు ముందే దొరికింది, పరువు దక్కింది అనుకున్నాను. అలా ఎంతసేపు సంతోషించానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆ తర్వాతే ఎనిమిదో బటన్ ఎక్కడుందో గుర్తొచ్చింది. 

ఆ బటన్ కథ మీరు ఎంత మురిపెంగా చెప్పారు నాకు! మిల్లు యజమాని దేవదాస్ సేటు ఏడు బటన్లు చాలన్నాడు. పత్తిని మోసుకెళ్లే బెల్టు, ఆ పట్టా చివరన ఇరుక్కున్న పత్తిని చేత్తో లాగే ఆడవాళ్ల దగ్గర బటన్ ఎందుకు, "ఆడోళ్లకు ఇస్తే ఊకె ఒత్తి మిల్లు ఆపుతరు" అన్నాడు. మీరు అన్నం డబ్బా పట్టుకుని వెళ్లి ఆ ఆడవాళ్ల మధ్యలో కూర్చుని ఎక్కడ పెట్టమంటారని అడిగారు. దేవవ్వ లేచి, పట్టా పక్కన నిలబడి, కుడి చెయ్యి చాపి చూపించింది. "గీడ పెట్టు బిడ్డా, నా చెయ్యి అందేకాడ" అంది. మీరు అక్కడే సుద్దతో గుర్తు పెట్టి, సేటుతో కొట్లాడి పెట్టించారు. ఆ రోజు ఇంటికొచ్చి చెప్తుంటే మీ ముఖం నేను మర్చిపోలేదు.

పత్తి మిల్లు తెరిచిన రోజు సంగతి కూడా మీరే చెప్పారు. కొబ్బరికాయ కొట్టారు, సేటు ఒకటో బటన్ నొక్కితే మిల్లంతా టక్కున ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు. మీరు రెండోది, మూడోది నడుస్తుండగానే నొక్కి చూపించారు. పత్తి బండ్లు బయట నిలబడ్డాయి, ముహూర్తం దాటుతుందని సేటు గోల పెట్టాడు. మిగతావి మిల్లు ఆగి ఉన్నప్పుడు నొక్కి చూశారు. ప్రతి బటన్ డబ్బాలోనూ దీపం వెలిగింది, అందరూ సరే అన్నారు. ఆ దీపం డబ్బాలోని కరెంటుతోనే వెలుగుతుంది, బోర్డుతో దానికి పనిలేదు. ఎనిమిదో దీపం కూడా మిగతావాటిలాగే ఎర్రగా వెలిగింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే దేవవ్వ కుడిచెయ్యి పట్టా రోలరులో పడింది. రెండు వేళ్లు పోయాయి. మీరు ఆదిలాబాద్ దవాఖానకు పరుగెత్తారు.

డ్రాయింగులో తప్పు దొరికిన మర్నాడు పొద్దున్నే అమ్మీకి బోర్డు చూసి వస్తానని మాత్రం చెప్పి బోథ్ వెళ్లాను. నిర్మల్‌లో బండి మారి, దారంతా ఒకటే అనుకుంటూ పోయాను. ఆమె బటన్ నొక్కే తీరిక దొరికి ఉండదు. నొక్కనే లేదేమో. నొక్కకపోతే మన తప్పు ఉన్నా దానివల్ల ఏమీ జరగనట్టే కదా. తప్పించుకోవడానికి మనసు ఎన్ని సందులు వెతుకుతుందో ఆ ప్రయాణంలో చూశాను.

మిల్లులో ఆ చివరన ఆడవాళ్లు పత్తి లాగుతున్నారు. మంజుల అనే పిల్ల మాత్రం పని చేయకుండా ఏడో బటన్ పక్కన ఊరికే నిలబడి ఉంది. నేను ఎవరో చెప్పి, సీదా ఎనిమిదో బటన్ దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టబోయాను.

"ఒత్తకు అక్కా," అంది మంజుల. "గది పన్జెయ్యది."

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను. ఎప్పటి నుంచి అని అడిగాను.

"మొదటి నుంచే. దీపం వెల్గుతది, పట్టా ఆగది. మొదటి వారంలనే చూసినం. అందుకే ఇక్కడ ఒక మనిషి నిలవడుతది. ఎవలన్న కేక వేస్తే గీ ఏడోది ఒత్తుతది. నిలవడ్డ మనిషి పని మేం పంచుకుంటం."

వాళ్లకు తెలుసు! మనం గీసిన మనకు తెలియదు, బిల్లు చెల్లించిన సేటుకు తెలియదు, మొదటి వారం నుంచి వాళ్లకు తెలుసు. మరి ఎందుకు చెప్పలేదని నేను అరిచినట్టే అడిగాను. పత్తి లాగేవాళ్లంతా తిరిగి చూశారు.

"ఎవలకు చెప్పాలె అక్కా? సేటుకు చెప్తే, నేను ముందే అన్నగదా మీకెందుకని, ఊడవీకి అవతల పడేస్తడు. బోర్డు పెట్టిన పిలగాని పైసలు గూడ ఆపుతడు. మమ్ముల అడిగి పెట్టినోడు గాయన ఒక్కడే. మల్ల వచ్చినప్పుడు మెల్లగ చెవిల వేద్దమనుకున్నం. గంతల అవ్వ చెయ్యి పాయె."

ఆ రోజు ఏడో బటన్ దగ్గర నిలబడాల్సింది మంజులే. మంచినీళ్లకు వెళ్లిందట. దేవవ్వ కేక వేసి, ఎడమచేత్తో ఎనిమిదో బటన్ మళ్లీ మళ్లీ గుద్దిందట. దీపం వెలుగుతూ, ఆరుతూ, వెలుగుతూ ఉందట. చెప్తూ మంజుల వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. ఎనిమిదో బటన్ వైపు తిరిగాను. ఎనిమిదో డబ్బా కింద గోడ మీద మీరు పెట్టిన సుద్ద గుర్తు ఇంకా ఉంది.

దేవవ్వ ఇంటికి వెళ్లాను. గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది, ఎడమచేత్తో. నేను ఎవరో చెప్పగానే లేవబోయింది.

"రాహిల్ పెండ్లామువా? రా బిడ్డా. పిలగాడు మంచిగున్నడా? గా ఎడారిల ఏం తింటుండో ఏమో."

నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. అవ్వా, మా బోర్డులోనే తప్పుంది, నీ బటన్ తీగ కలవలేదు అని చెప్పాను. ఆమెకు ఆశ్చర్యమే లేదు. చాట పక్కన పెట్టింది.

"ఎరుకనే బిడ్డా."

"మరి దవాఖానల ఆయన నీ పక్కకే కూసున్నడు గద అవ్వా! ఒక్క మాట ఎందుకు చెప్పలే?"

ఆమె ఏమందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. దాచిపెడితే నాకు నిద్ర పట్టదు. "నీ మొగడు నా మంచం పట్టుకొని ఏడ్చిండు బిడ్డా. జర చూసుకొని చెయ్యాలె గద అవ్వా, బటన్ ఉండె గద, ఒత్తకపోతివి అన్నడు. గట్ల ఏడ్చెటోనికి, నీ బటనే ఆగలేదురా అని ఎట్ల చెప్పాలె? నాదే తప్పు, మర్చిపోయిన అన్న. ఆయన పోయేది ఉండె. కేసయితే విమానం ఎక్కనియ్యరు. మా అల్లుడు గట్లనే ఏర్‌పోర్టు కాడికెల్లి వాపసు వచ్చి ఇంట్ల కూసున్నడు. పోయిన వేళ్లు ఎట్లయిన రావు, ఉన్న పిలగాని బతుకు ఎందుకు చెడగొట్టాలె? ఎవలు చెప్పినా నా మీద ఒట్టేనని అందరికి చెప్పిన."

మీరు ఆ రోజు దవాఖాన నుంచి వచ్చి, తన తప్పేనని ఆ ముసలమ్మే ఒప్పుకుంది పాపం, అని కళ్లు తుడుచుకున్నారు. నేను మీకు చాయ్ ఇచ్చి, మీరు చేయాల్సింది చేశారు అన్నాను. ఆ చాయ్ గుర్తొచ్చినప్పుడల్లా ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది. మీకెలా ఉంటుందో ఊహించగలను. ఊహించగలిగీ రాస్తున్నాను, ఎందుకంటే మీరు అక్కడ ఇదే డ్రాయింగు చూపించి ఇంకొకరి ప్యానెళ్లు చేయబోతున్నారు.

తిరిగొచ్చి కొత్త డ్రాయింగు గీశాను. ఎనిమిదో తీగకు రెండు వైపులా పేరు పెట్టాను. అది ఒక్కటే సరిపోదనిపించింది. ఏ బటన్ తీగ కలవకపోయినా, మధ్యలో తెగినా, మిల్లు అసలు మొదలే కాకుండా మార్చాను. అలా చేసుంటే మొదటిరోజే కొబ్బరికాయ దగ్గరే దొరికిపోయేది. కొత్త బోర్డు తయారవగానే తీసుకుని నేనే వెళ్లాను. అన్ని బటన్లూ నడుస్తుండగానే నొక్కి చూడాలని పట్టుబట్టాను. "ఒక్కొక్కసారి ఆపి లేపాలంటే ఎంత కరెంటు, ఎంత టైము" అని దేవదాస్ సేటు నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకోనిచ్చాను.

ఏడూ అయ్యాక ఎనిమిదోది మంజులను నొక్కమన్నాను. ఆ పిల్ల దగ్గరికే రాలేదు. అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి చూస్తున్న దేవవ్వ ముందుకు వచ్చింది. పట్టా పరుగెత్తుతోంది, ఆ చప్పుడుకు ఆమె ఒక్కసారి వెనక్కి తగ్గింది. మళ్లీ అదే చోట నిలబడి, అదే కుడి చెయ్యి చాపింది. మూడు వేళ్ల చెయ్యి. అరచేత్తో నొక్కింది.

మిల్లంతా ఆగిపోయింది. అంత పెద్ద మిల్లులో ఎవరి ఊపిరి వాళ్లకు వినిపించింది. మొదటిరోజులా చప్పట్లు లేవు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. దేవవ్వ ఆగిన పట్టా వైపు చాలాసేపు చూసి, "ఆగింది" అంది. నేను అక్కడే, అందరి ముందూ, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

ఇప్పుడు మీకు చెప్పకుండా చేసిన పని చెప్తాను. ఇంతదాకా రాసి కూడా ఈ పేరా దగ్గర కలం ఆగుతోంది.

కొత్త బోర్డు పెట్టాక సేటు నన్ను పక్కకు పిలిచాడు. "ఎవ్వలు అడగలేదు, ఎవ్వలు చెప్పలేదు. బోర్డు మారింది, అయిపాయె. నువ్వు ఊకో, నేనూ ఊకుంట" అన్నాడు. ఇద్దరం ఊరుకుంటే దేవవ్వ జాగ్రత్త లేక వేళ్లు పోగొట్టుకున్న మనిషిగానే మిగిలిపోతుంది. ఆ మాట మీదే మిల్లు ఆమెకు ఏమీ ఇవ్వకుండా ఇంటికి పంపింది. నేను ఊరుకోలేకపోయాను. ఎనిమిదో బటన్ మొదటి నుంచి పని చేయలేదని, తప్పు మా డ్రాయింగుదని, దేవవ్వది కాదని ఒక కాగితం రాశాను. మన దుకాణం ముద్ర వేశాను. గీసిన మనిషిగా మీ పేరు, సరిదిద్దిన మనిషిగా నా పేరు రాసి సంతకం చేశాను. ఒకటి సేటుకు ఇచ్చాను, ఒకటి దేవవ్వకు ఇవ్వబోయాను. మిమ్మల్ని ఒక్క మాట అడగలేదు.

ఎందుకు అడగలేదంటే, అడిగితే మీరు వద్దనరని తెలుసు. కానీ ఒకవేళ జర ఆగు అంటారేమోనని భయపడ్డాను. మీరు ఆగమంటే నేను ఆగేదాన్నేమో, ఆ భయం ఇంకా పెద్దది.

దేవవ్వ కాగితం తీసుకోనంది. "పిలగాడు వాపసు వచ్చెటప్పుడు పట్టుకుంటరేమో, నాకద్దు" అని నా మీదే కోప్పడింది. చివరికి మంజుల తీసుకుని లేబర్ ఆఫీసులో ఇచ్చి వచ్చింది. కేసు కావచ్చు, కాకపోవచ్చు. మీరు సెలవు మీద వచ్చినప్పుడు ఆఫీసువాళ్లు పిలిచి అడగొచ్చు. ఈ సంగతి అప్పుడే పాకింది, రెండు మిల్లులవాళ్లు తర్వాత చూద్దామని మన ప్యానెళ్లు వద్దన్నారు. అమ్మీకి అన్నీ చెప్పాను. ఆమె అంతా విని దువా చేసుకుంది. తర్వాత "మేరే బచ్చే కు పహలే తూ బోల్, దూస్రోఁ సే నక్కో సున్నా" అంది. మీరు వేరేవాళ్ల నోట వినేలోపు నేనే చెప్పాలని ఇంత పొడుగు ఉత్తరం.

నన్ను తిట్టండి. ఆ హక్కు మీది. మీ పేరును వాడుకున్నాను. కానీ వైరింగు పని చేసేవాళ్లు ఎంతమంది ఆ మిల్లుకు వచ్చి ఉంటారు, పని చేసే ఆడవాళ్ల పక్కన కూర్చుని బటన్ ఎక్కడ పెట్టాలని అడిగింది మీరొక్కరే. అందుకే వాళ్లు మిమ్మల్ని కాపాడారు. మీరు మంచివారు కావడం వల్లే ఆ తప్పు అంతకాలం దాగింది, నాకు ఇదే అన్నిటికంటే మింగుడుపడటం లేదు.

డ్రాయింగు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ముకర్రం భాయికి ఇస్తున్నాను. కుడివైపు కింద మూలన మార్పులు రాసే గడి ఉంటుంది కదా, ఏదైనా మారిస్తే ఏం మారింది, ఎందుకు మారింది రాయనిదే పక్కకు జరగనిచ్చేవారు కాదు మీరు. మీ పద్ధతే పాటించాను. మార్పు అన్నచోట "ఎనిమిదో తీగ కలిపాం" అని రాశాను. కారణం అన్నచోట "దేవవ్వ, కుడిచేతి రెండు వేళ్లు" అని రాశాను. ఆ ఇంజనీరు సారుకు చూపిస్తారో, హెల్పర్ పనిలోనే ఉంటారో మీ ఇష్టం. చెరిపేయడానికి ఒక్క మీట చాలు. చూపిస్తే మాత్రం ఆ గడితోనే చూపించండి. ఒక్క ఫిర్యాదు రాలేదని చెప్పిన నోటితోనే, ఎందుకు రాలేదో కూడా చెప్పండి.

ఈ ఉత్తరం చదివాక నాకు ఫోన్ చేయకండి, స్పీకర్‌లో మీ గొంతు విని అమ్మీ తట్టుకోలేదు. ముందు దేవవ్వకు చేయండి. నంబరు అంబ్రీన్ పన్ను పొట్లం మీద రాశాను. ఏం మాట్లాడాలో నన్ను అడగొద్దు, నాకూ తెలియదు. ఆమె ఇప్పుడు ఫోన్ ఎడమచేత్తో తీస్తుంది, ఇంకా అలవాటు కాలేదు. జర ఎక్కువసేపు మోగనివ్వండి.

ఇట్లు,
మీ అంబ్రీన్ అమ్మీ,
సుమయ్య